ఏ కెమెరా కొనాలని అడిగావు కదా

చిన్నీకి,

అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేను, మీ నాన్న, అక్క, బావ, వాళ్ల బుడ్డది. నా ఎడమ మోకాలిని కూడా ఈ వారం క్షేమంగా ఉన్నవాళ్లలోనే కలుపుకో. మెట్లు దిగేటప్పుడు తప్ప మూలగడం లేదు. నువ్వు కూడా ఆ కొండ మీద, ఆ గాలిలో, ఆ మంచులో క్షేమంగా ఉన్నావని తలుస్తాను. ఇది ఊరికే మర్యాదకి రాసిన మాట కాదు. రోజూ పొద్దున్నే పళ్లు తోముకుంటూ నిజంగానే తలుస్తాను.

నీ ఉత్తరం పదహారు రోజులకి చేరింది. సరుకుల బండి కొండ దిగేది పదిహేను రోజులకోసారి అన్నావు కాబట్టి, నా లెక్కలో ఒక్క రోజులో వచ్చినట్టే. గాలి వేగం, వాన కొలతలు రాసుకునే ఉద్యోగంలో చేరాక నీ చేతిరాత కూడా గాలికి పక్కకి ఒరిగింది. మీ నాన్న చూసి, "ఇది పడమటి గాలి" అన్నారు.

అడిగినవాటికి జవాబులు రాస్తాను. నీ గది కిటికీలోంచి నీళ్లు కారడం ఆగింది. మీ నాన్న ఏదో జిగురు పూశారు. ఇప్పుడది కారడమూ లేదు, తెరుచుకోవడమూ లేదు. ప్రెస్సులో నా పని మామూలే. ఒక రచయిత తన పుస్తకంలో ప్రతి పేజీకీ వేరే రకం అక్షరాలు కావాలంటున్నాడు, నేను వద్దంటున్నాను, ఇద్దరం మర్యాదగా పళ్లు కొరుక్కుంటున్నాం. బుడ్డది నిలబడుతోంది. చెయ్యి వదిలితే మూడు అడుగులు వేస్తుంది, నాలుగోది తన బాధ్యత కాదన్నట్టు కూలబడుతుంది. వచ్చే నెల పదకొండుకి దానికి ఏడాది నిండుతుంది. నీకు గుర్తుందని నీ ఉత్తరం చూశాకే తెలిసి సంతోషపడ్డాను.

ఇక మిగిలినవి రెండు ప్రశ్నలు. మొదటిది, కొత్త కెమెరా కొందామనుకుంటున్నావు, ఏది కొనాలి, అక్కకి కూడా ఒకటి పంపాలి, దానికి ఏది బాగుంటుంది అని. రెండోది, నీ బీరువాలో ఉన్న పాత కెమెరాలోంచి కార్డు తీసి పంపమని. "అక్క పెళ్లి ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయమ్మా. ఇంకెక్కడా దాచలేదు. ఇప్పుడు నాకు సరిచెయ్యడం వచ్చు. బుడ్డదాని పుట్టినరోజుకి అవి అక్క చేతిలో పెడితే, అప్పుడైనా దాని మొహం చూసి మాట్లాడగలను" అని రాశావు. ఆ నాలుగు ముక్కలూ ఎన్నిసార్లు చదివానో చెప్పను. రెండేళ్లుగా మీరిద్దరూ "బాగున్నావా" "బాగున్నాను" అనే రెండు మాటల మీద నెట్టుకొస్తుంటే మధ్యలో నేను నలిగిపోయాను.

కార్డు సంగతికి తప్పకుండా వస్తాను. ముందు కెమెరా. మీ నాన్న పక్కనుంచి, "ముందు కార్డు సంగతి రాయవే" అంటున్నారు. ఆయనకేం, చెప్పడం తేలిక.

మా ప్రెస్సు వెనక వీధిలో, గొడుగులు బాగుచేసే కొట్టు మీద, ఇరుకు మెట్లెక్కితే కెమెరాల కొట్టు ఒకటుంది. అమ్మకమూ అక్కడే, మరమ్మతూ అక్కడే. మూడు గోడలకి అద్దాల అరలు, నాలుగో గోడకి కిటికీ, కిటికీ దగ్గర బల్ల. బల్ల వెనక ఆయన. వయసు నా అంతే ఉంటుంది. నుదుటి మీద పట్టీతో ఒక భూతద్దం కట్టుకుని ఉంటారు. మాట్లాడేటప్పుడు అది పైకి, పనిచేసేటప్పుడు కిందికి. వెళ్లీ వెళ్లగానే, "మంచి కెమెరా ఏదండీ?" అని అడిగాను.

"ఏమిటి? ఎందుకు?" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. "కెమెరాల కొట్టుకొచ్చి కెమెరా అడిగితే ఎందుకంటారేమిటండీ?"

"అది కాదమ్మా. ఏమిటి తీస్తారు, ఎందుకు తీస్తారు. ఆ రెండూ మీరు చెప్తే మూడోది నేను చెప్తా. మంచి కెమెరా అని విడిగా ఒకటి ఉండదు. మంచి చెప్పులు ఇమ్మంటే కాలు చూడకుండా ఇస్తారా? ఇచ్చినా కరుస్తాయి."

ఆయన పేరు నేనడగలేదు. మనసులో ఏమిటెందుకుగారు అని పెట్టేసుకున్నాను. నేను ఏదీ తేల్చి చెప్పకపోయేసరికి, ముక్కాలి పీట ఒకటి జరిపి, "కూర్చోండి, తొందరేం లేదు" అన్నారు. అలా మూడు రోజులు, మధ్యాహ్నం భోజనం విరామమంతా ఆ పీట మీదే గడిపాను. ఎందుకన్ని రోజులు పట్టిందో తర్వాత చెప్తాను. కానీ చిన్నీ, ఈ వయసులో నాకు ఒక కొత్త విషయం మీద ఇంత ఆసక్తి పుడుతుందని అనుకోలేదు. ఇరవై ఆరేళ్లుగా ఫోటోలని పేజీల్లో అమర్చేదాన్నే తప్ప, అవి ఎలా పుడతాయో ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదు.

మొదటి రోజు పళ్ల డాక్టరుగారు ఒకావిడ కోపంగా మెట్లెక్కి వచ్చింది. చేతిలో ఏనుగు తొండంలా పొడుగ్గా సాగే కెమెరా. వేరే చోట కొన్నదట. "దగ్గరగా కనిపించేది కావాలని మరీ మరీ చెప్పాను. పేషెంటు పన్ను ఫోటో తియ్యబోతే అంతా మసక" అంది. ఏమిటెందుకుగారు దాన్ని తిప్పి చూసి, "దగ్గరంటే ఏ దగ్గరమ్మా?" అన్నారు. ఆవిడ నోరు వెళ్లబెట్టింది, నేనూ వెళ్లబెట్టాను. దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగడం ఒక పని. పక్కనే ఉన్నదాని దగ్గరికి ఇంకా ఇంకా వెళ్లడం వేరే పని. మన నోట రెండూ 'దగ్గరగా'నే. "ఇది పిట్టలు చూసేవాళ్లది. దీంతో పన్ను తియ్యాలంటే మీ పేషెంటు వీధి చివర నిలబడి నోరు తెరవాలి" అన్నారు. ఆవిడ నవ్వలేక నవ్వింది. చివరికి అరచెయ్యంత దూరంలో ఉన్నదాన్ని స్పష్టంగా పట్టే లెన్సు వేరే ఉంటుందని చూపించి, ఈ తొండాన్ని పిట్టలవాళ్లెవరికైనా ఇప్పిస్తానని ఉంచుకున్నారు.

ఆవిడ వెళ్లాక భార్యాభర్తలిద్దరు వచ్చారు, ఊళ్లు చూడ్డానికి వెళ్తున్నారట. ఆయనకి అరలో అన్నిటికన్నా పెద్దది కావాలి. పక్కింటాయన దగ్గర అలాంటిది ఉందని ఆవిడ మాకు వినిపించేలా గొణిగింది. ఏమిటెందుకుగారు మారుమాట్లాడకుండా బల్ల కిందనుంచి ఒక సంచీ తీసి ఆయన మెళ్లో వేశారు. అందులో రెండు ఇటుకలున్నాయి! "వీధి చివరిదాకా నడిచి రండి. తిరిగొచ్చాక కూడా ఇదే కావాలంటే ఇస్తా." ఆయన వెళ్లి, మెడ రుద్దుకుంటూ వచ్చి, జేబులో పట్టేది చూపించమన్నాడు. అయినా పంతం చావక, "ఇంత చిన్నదాంట్లో ఎన్ని మెగాపిక్సెల్సు ఉంటాయి?" అని మొదలెట్టాడు. అక్కడ నేను ఊరుకోలేకపోయాను. "బాబూ, పత్రికలో పేజీ నిండా ఫోటో అచ్చు వేసినా కోటి చుక్కలు పట్టవు. మీరు ఇంట్లో చూసుకునేదానికి ఐదు కోట్లు ఏం చేసుకుంటారు?" అన్నాను. ఏమిటెందుకుగారు భూతద్దం కిందికి దించి నన్ను పరీక్షగా చూశారు. "తమరేం చేస్తారమ్మా?" అన్నారు. పేజీలు పెడతానన్నాను. ఆ రోజు నుంచి నా పీట కిటికీ దగ్గరికి మారింది.

రెండో రోజు నీ సంగతి అడిగాను. ఏమిటి తీస్తుంది అంటే మబ్బులు, మంచు, కొండవాలు, గాలికి వంగే గడ్డి అని నీ ఉత్తరాల్లోంచి ఏరి చెప్పాను. ఎందుకు అంటే, పనికి కొన్ని, తన ఇష్టానికి కొన్ని అన్నాను. ఆయన ఇంకా లోపలికి వెళ్లారు. చేతికి గ్లవ్సులుంటాయా? ఉంటే తెర మీద తాకి మార్చేవి వద్దు, వేళ్లకి తగిలే పెద్ద మీటలుండాలి. అక్కడ తేమా? అయితే సందుల్లో రబ్బరు వేసి బిగించిన ఒళ్లు ఉండాలి. గాలిలో నిలబడి లెన్సులు మార్చడం కుదరదు కాబట్టి విశాలమైనదీ, ఓ మోస్తరు దూరానిదీ రెండూ చూసే ఒకే లెన్సు చాలు. బ్యాటరీలు చలికి తొందరగా నీరసపడతాయట, రెండోది చొక్కా లోపలి జేబులో ఒంటి వేడికి పెట్టుకోమన్నారు. చలిలోంచి గదిలోకి వచ్చేముందు కెమెరాని సంచీలో పెట్టి మూతి గట్టిగా కట్టాలిట. అప్పుడు చెమ్మ సంచీకి పడుతుంది గానీ కెమెరాకి పట్టదు. ఇవన్నీ కాగితం మీద రాయించుకున్నాను, ఉత్తరంతో పాటు పెడుతున్నాను. ఏ కంపెనీది అని నన్నడగకు. పెద్ద మీటలు, రబ్బరు బిగింపు, ఒకే లెన్సు, ఈ మూడూ ఉన్నది ఏదైనా సరే, నీ చేతికి హాయిగా ఉన్నది కొనుక్కో. కొనేముందు గ్లవ్సు వేసుకుని పట్టుకుని చూడు.

తర్వాత ఆయన, "అమ్మాయి చెయ్యి ఎంతవరకు తిరిగింది?" అని అడిగారు. నేను గొప్పగా, "ఆ గుండ్రటి మీట ఉంటుంది చూడండి, దాన్ని ఎప్పుడూ 'ఎం' అనే అక్షరం మీదే పెట్టి తీస్తుంది" అన్నాను. ఆయన పకపకా నవ్వారు. "ఎం అంటే అన్నీ నువ్వే చూసుకో అని కెమెరా చేతులెత్తేయడం. కొత్తగా వంట నేర్చుకుంటున్న పిల్లకి పెళ్లి వంట అప్పగించినట్టు ఉంటుంది. సగం బరువు కెమెరా మీద వేసి, సగం మన చేతిలో ఉంచుకునే గుర్తులు పక్కనే ఉన్నాయి కదా. చెయ్యి బాగా తిరిగినవాళ్లు కూడా రోజూ వాడేది వాటినే. ఎం మీద తియ్యకపోతే చిన్నతనం అని ఎవరో చెప్పి చెడగొట్టుంటారు."

పెళ్లి వంట అన్నది ఆయనకి తెలిసి అన్న మాట కాదు. నాకు మాత్రం అక్క పెళ్లి జరిగిన రిజిస్ట్రారు ఆఫీసు కళ్లముందుకొచ్చింది. మాట్లాడుకున్న ఫోటోగ్రాఫరు ఆ పొద్దున్నే జ్వరమని కబురు పెట్టడం, నువ్వు కొని పదిహేను రోజులైనా కాని కెమెరా మెళ్లో వేసుకుని, "నేనున్నానుగా! అందరూ ఫోన్లు లోపల పెట్టుకోండి" అని హడావిడి చెయ్యడం, మేమంతా బుద్ధిగా లోపల పెట్టుకోవడం. ఇంటికొచ్చి చూసుకుంటే సగం చీకటి, సగం మసక. నీ మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది. "సరిచేసి ఇస్తా అక్కా" అన్నావు. అక్క నాలుగుసార్లు అడిగింది. నువ్వు నాలుగుసార్లూ నీళ్లు నమిలావు. తర్వాత అది అడగడం మానేసింది, నువ్వు ఎదురుపడడం మానేశావు. ఆపైన నువ్వు కొండెక్కావు. అలక అని ఎవరూ అనలేదు గానీ, అలక కాకపోతే మరేమిటి అనుకునేదాన్ని.

అక్కకి ఏ కెమెరా అని కూడా అడిగాను. ఒక చంకలో పిల్ల, ఇంకో చేత్తో కెమెరా, ఓపిక అసలే లేదు, మీటలు తిప్పడం రాదు, నేర్చుకోదు. "ఆవిడ ఫోన్ చాలమ్మా" అన్నారు ఏమిటెందుకుగారు! కెమెరాలు అమ్ముకునే మనిషి కెమెరా వద్దనడం అక్కడే చూశాను. ఇంట్లో వెలుగు తక్కువై, పిల్ల పరుగులు మొదలెట్టి, ఫోన్లో మొహం తోకచుక్కలా సాగిపోవడం మొదలైతే అప్పుడు రమ్మన్నారు. లెన్సు మార్చే పని లేనిది, వెలుగు ఎక్కువ తాగేది, మొహాన్ని తనే వెతికి పట్టుకునేది, ఒంటిచేత్తో పట్టేది ఇస్తానన్నారు. నాలుగో అడుగు దగ్గర కూలబడే పిల్లకి అంత వేగం ఇప్పట్లో అక్కర్లేదని నేనూ ఒప్పుకున్నాను.

ఇప్పుడు మీ నాన్న పెన్ను లాక్కునేలా ఉన్నారు. సరే, రాస్తున్నాను. కాస్త కూర్చుని చదువు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు ఆదివారం. బీరువా తీసి, కెమెరాకి ఛార్జింగు పెట్టి, కార్డు బయటికి తియ్యకముందు ఒకసారి చూద్దామని మీట నొక్కాను. రెండువందల పన్నెండు ఫోటోలు. ఓ నలభై చూశానేమో. ఏ వరసా లేదు. సంతకాలు, బావ చెవి, ఎవరివో బూట్లు, మళ్లీ సంతకాలు, మధ్యలో అంతా నలుపు. పేజీలు పెట్టే మనిషిని, వరస తప్పినవి కనబడితే నా చేతులు ఊరుకోవు. అప్పుడే నాకు ఆ దిక్కుమాలిన ఆలోచన వచ్చింది. వీటిని ఒక క్రమంలో పెట్టి, పనికిరానివి తీసేసి, ప్రెస్సులో చిన్న పుస్తకంలా కుట్టించి, ఒకటి నీకూ ఒకటి అక్కకీ పంపేస్తే, మీ ఇద్దరి మధ్య ముడి నేనే విప్పేస్తాననుకున్నాను. నా చేతిమీదుగా విప్పాలన్న గొప్ప కూడా ఉందిలే, దాచను.

కెమెరాలో మెనూ అని ఒకటి ఉంటుంది కదా, అందులో వెతుకుతూ వెళ్తే 'ఫార్మాట్' అని కనబడింది. చుట్టం ఎదురైనట్టు నా ప్రాణం లేచొచ్చింది. మా ప్రెస్సులో రోజుకి పదిసార్లు వినే మాట. గజిబిజి కాగితాలు తెచ్చి నా బల్ల మీద పడేసి, "అమ్మా, దీన్ని కాస్త ఫార్మాట్ చేసి పెట్టండి" అంటారు ఓనరుగారు. అంటే వరసలో పెట్టు, అంచులు సరిచెయ్యి, చదివేలా చెయ్యి అని. ఇరవై ఆరేళ్లుగా నా కూడూ గుడ్డా ఆ మాటే. కెమెరా కూడా ఈ పని చేసిపెడుతుందా అని ముచ్చటపడిపోయాను. నొక్కగానే కింద ఆరు పాయింట్ల అక్షరాల్లో ఏదో రాసి, 'సరేనా?' అని అడిగింది. చిన్న అక్షరాలు చదవకుండా సంతకం పెట్టేవాళ్లని జీవితమంతా తిట్టిపోసిన దాన్ని, కళ్లద్దాలు పక్క గదిలో ఉన్నాయని బద్ధకించి, సరే అన్నాను.

అన్నీ పోయాయి చిన్నీ.

అప్పుడు నాకు తెలియను కూడా తెలియలేదు. తెర ఖాళీగా కనబడితే, ఎంత శుభ్రంగా సర్దిందో, ఏ అరలో పెట్టిందో తర్వాత చూద్దాం అనుకున్నాను. ఆ సంబరంలో అదే కార్డు మీద అరవై నాలుగు ఫోటోలు తీశాను. కుళాయి, చెప్పుల బల్ల, నోరు తెరుచుకుని నిద్రపోతున్న మీ నాన్న. సోమవారం పొద్దున్న ఎంత వెతికినా పెళ్లి కనబడకపోతే కెమెరా ప్రెస్సుకి పట్టుకెళ్లి ఓనరుగారికి చూపించాను. ఆయన జాలిగా, "మన ఫార్మాట్ వేరు, వీళ్ల ఫార్మాట్ వేరమ్మా. వీళ్లది పలక తుడిచెయ్యడం" అన్నారు. అక్కడే కుర్చీ పట్టుకుని నిలబడ్డాను.

నేను కెమెరాల కొట్టుకి వెళ్లింది కెమెరా కోసం కాదు. ఆ కార్డు కోసం. ఆ మూడు మధ్యాహ్నాలూ అది నా చేతిసంచీలో కవరులో ఉంది. వెళ్లిన ప్రతిసారీ సంచీలో చెయ్యి పెట్టడం, కార్డు తియ్యకుండానే ఇంకో కెమెరా గురించి అడగడం. పళ్ల డాక్టరూ, ఇటుకల సంచీ, నీ గ్లవ్సులూ అన్నీ అలా తెలిసినవే. మొదట తప్పించుకోడానికి అడిగినా, అడుగుతూ అడుగుతూ నిజంగానే తెలుసుకోవాలనిపించింది, అది కూడా నిజమే. మూడో రోజు లేచి వచ్చేసే ముందు కవరు తీసి బల్ల మీద పెట్టాను. ఏమిటెందుకుగారు కుర్చీ ముందుకు జరుపుకుని, "చెప్పండమ్మా" అన్నారు. చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగారు, తుడిచాక దీని మీద మళ్లీ ఏమైనా తీశారా అని. అరవై నాలుగు అన్నాను. ఆయన చేతిలో పెన్ను కింద పెట్టేశారు.

తుడిచినా పలక మీద గీతలు లీలగా మిగిలే ఉంటాయట. మళ్లీ రాయకుండా తెస్తే చాలావరకు వచ్చేవట. నేను కుళాయిలూ చెప్పులూ రాసేశాను. రెండు రోజులు కంప్యూటరులో పెట్టి వెలికితీసి, పంతొమ్మిది ఇచ్చారు. అందులో ఎనిమిదింటికి పై సగమే ఉంది, కింది సగం బూడిదరంగు. చీకటివి మాత్రం బుద్ధిగా మొత్తం వచ్చాయి. అక్క నవ్వుతున్నది ఒకటుంది, గడ్డం దాకా. బావ చెవి భేషుగ్గా ఉంది.

నన్ను ఏమన్నా పడతాను. నీ వస్తువు నిన్నడక్కుండా ముట్టుకున్నాను. నీకు ఒక దారి దొరికిందని రాసిన ఉత్తరం చేతిలో ఉండగానే, ఆ దారి తుడిచేశాను. క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది, కానీ అడుగుతున్నాను.

నీకు రాసేముందు అక్కకి చెప్పాలనిపించింది. మొన్న ఆదివారం బుడ్డదాన్ని తీసుకుని వచ్చింది. పంతొమ్మిదీ కాగితం మీద తీయించి బల్ల మీద పరిచి, నువ్వేం రాశావో, నేనేం చేశానో మొత్తం చెప్పాను. "రెండొందల్లో ఇవేనా అమ్మా?" అంది. అవేనన్నాను. ఏడ్చింది. "ఆ రోజు నేనెలా ఉన్నానో నాకే తెలీదు. ఎప్పటికైనా చూసుకుంటాననుకున్నా" అంది. బుడ్డది ఒక చీకటి ఫోటో తీసుకుని నోట్లో పెట్టుకుంటే లాక్కుని, చీర కొంగుతో తుడిచి, మళ్లీ బల్ల మీద పెట్టింది. అప్పుడు పంతొమ్మిదీ ఒక్కొక్కటే చూసింది, దేనికోసమో వెతుకుతున్నట్టు.

"చిన్నీ ఎక్కడుందమ్మా ఇందులో?" అంది.

"అది తీస్తోంది కదే, ఎలా ఉంటుంది?"

"అదే అంటున్నా. రెండొందలూ ఉన్నా అందులో అది ఉండేది కాదు. ఆ రోజంతా దాని మొహమే చూళ్లేదు నేను. ఎటు తిరిగినా ఓ నల్ల డబ్బా, దాని కింద గడ్డం. సంతకం పెడుతూ పక్కకి చూశాను, అది మీటలు తిప్పుకుంటోంది. ఒక్కసారి, ఒక్కసారి నా పక్కన నిలబడలేదమ్మా."

"మరి ఫోటోలివ్వలేదని అలిగావని..."

"ఫోటోలకి ఎవరలిగారు? అడిగినప్పుడల్లా దాని మొహం చిన్నబోతోందని అడగడం మానేశా. మానేశాక అది అసలు రావడమే మానేసింది."

రెండేళ్లు, చిన్నీ! నువ్వేమో అది అలిగిందని, అదేమో నువ్వు బాధపడతావని, ఇద్దరినీ కనిపెట్టి ఉండాల్సిన నేను కెమెరా మెనూలో ఫార్మాట్ వెతుక్కుంటూ.

కళ్లు తుడుచుకుని, "అది నాకు కెమెరా కొనిపెడతానందన్నావుగా, ఆ కొట్టు ఆదివారం తెరుస్తారా?" అంది. తెరుస్తారు. బుడ్డదాన్ని మీ నాన్న ఒళ్లో పడేసి ఇద్దరం మెట్లెక్కాం. అలవాటు ప్రకారం ఆయన, ఏమిటి తీస్తారు, ఎందుకు తీస్తారు అని అడిగారు. అక్క తడుముకోకుండా, "మా చెల్లెల్ని. నా పక్కన ఉన్నప్పుడు" అంది. మరి తీసేదెవరు అన్నారాయన. "అదే. తీసేది కూడా అదే. దాన్ని ఇంకొకరి చేతికి కెమెరా ఇవ్వమంటే ఇవ్వదు, నాకు తెలుసు" అంది.

ఆయన కాస్త ఆలోచించి, అరలోంచి చిన్నది ఒకటి తీసి, కిటికీ గట్టు మీద నిలబెట్టి, గడియారం బొమ్మ ఉన్న మీట నొక్కి, నింపాదిగా నడిచి వచ్చి మా ఇద్దరి మధ్యా నిలబడ్డారు. ఎర్ర దీపం మినుకు మినుకుమని, టక్కుమంది. తెర మీద ముగ్గురం ఉన్నాం. నేను కళ్లు మూసుకున్నాను, అది వేరే సంగతి.

"పది సెకన్లు ఆగుతుందమ్మా. చాలు కదా?" అన్నారు.

అక్క ఆ కెమెరా చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. "పది సెకన్లలో అది రాగలదా?"

"ఎంత దూరం నుంచి రావాలి?"

"కొండ మీంచి" అంది అక్క.

ఆయన వేళాకోళమనుకుని నవ్వారు. అక్క నవ్వలేదు.

కార్డు పంపడం లేదు. అందులో నువ్వు సరిచెయ్యాల్సిందేమీ మిగల్లేదు. పంతొమ్మిదీ అక్క పట్టుకుపోయింది, చూడాలంటే తన దగ్గరికే రమ్మంది. ఈ ఉత్తరం తెచ్చే బండి తర్వాతి బండి తొమ్మిదో తేదీన కొండ దిగుతుందని నువ్వే రాశావు. పుట్టినరోజు పదకొండున. సెలవు అడుగు. నువ్వు వచ్చేదాకా, కొని తెచ్చిన ఆ కెమెరా మీట ఎవరూ నొక్కకూడదని అక్క ఆర్డరు వేసింది, అందరికన్నా ముందు నాకు.

ఇట్లు,
నువ్వంటే ప్రేమా, ఇవాళ్టికి కాస్త భయమూ ఉన్న
అమ్మ